ఊరికే ఆపిన కారు

సోమవారం

ఈ రోజు కూడా ఆపాడు. అదే మలుపు, అదే చెయ్యి, అదే నిద్రమొహం.

ఆ హెడ్ కానిస్టేబుల్‌కు ‘అల్పవిరామం’ అని పేరు పెట్టుకున్నాను. సాఫీగా సాగుతున్న వాక్యం మధ్యలో, అక్కర లేని చోట వచ్చి నిలబడే జాతి అతనిది. మా అమ్మాయి డ్రైవింగ్ స్కూలు కారు నెత్తిన పసుపు బోర్డు పెట్టుకుని, ఎద్దుబండి సైతం సిగ్గుపడే వేగంతో వెళుతున్నది. స్టీరింగు ముందు పళ్ల డాక్టరు. పక్కన, రెండో బ్రేకు మీద కాలు ఉంచుకుని అమ్మాయి. వెనుక సీటులో, ఒళ్లో మోటారు వాహనాల చట్టంతో నేను. బెల్టులు పెట్టుకున్నాము. దీపాలు వెలుగుతున్నాయి. అద్దాలు తుడిచి ఉన్నాయి. తప్పు వెతికేవాడికి ఆ కారు ఎడారి.

అద్దం దించి, ఎందుకు ఆపారని అడిగాను.

“ఊరికేనండి మాస్టారూ,” అన్నాడు.

నా తరగతిలో ఎవడైనా ఒక ప్రశ్నకు ‘ఊరికే’ అని జవాబు చెబితే, కారణం దొరికేదాకా వరండాలో నిలబెట్టేవాణ్ణి. ఈ మనిషిని అలా నిలబెట్టినవారు లేరు కాబోలు. అందుకే ఇప్పుడు రోడ్డు మీద నిలబడి ఉన్నాడు.

చట్టం స్పష్టంగా ఉంది. ఖాకీ తొడుక్కున్నవాడు ఆపమన్నప్పుడు ముందు ఆగవలసిందే. వాదన ఏదైనా ఆగిన తరువాతనే. అందులో నాకు తగవు లేదు. అయితే ఆపేవాడి దగ్గర ఒక కారణం ఉండాలి. కళ్లెదుట ఒక నియమం మీరి ఉండాలి, లేదా బండిలో కంటికి కనిపించే లోపం ఉండాలి, లేదా ఏదో నేరంతో ఆ బండికి సంబంధం ఉన్నదన్న అనుమానానికి ఆధారం ఉండాలి. అందరినీ వరుసగా తనిఖీ చేస్తున్నారంటే, ఆ తనిఖీకి పై అధికారి ఆజ్ఞ ఉండాలి. అడిగితే ఆ కారణం చెప్పాలి. ‘ఊరికే’ అనేది ఈ నాలుగింటిలో ఎక్కడా లేదు. సూచికలో కూడా వెతికాను.

మమ్మల్ని వదిలిపెట్టే సరికి పళ్ల డాక్టరుకు చెమటలు పట్టాయి. రోజంతా పరుల నోళ్లలో చెయ్యి పెట్టి, భయపడకండని ధైర్యం చెప్పే మనిషి, ఎత్తిన చెయ్యి ఒకటి చూసి ఇంజను ఆర్పేసుకున్నాడు. అమ్మాయి మాత్రం ఆ అల్పవిరామాన్ని చూసి నవ్వింది. స్కూలు పర్మిట్టు ఈ నెలాఖరుకు తిరగరాయించుకోవాలి. ఉన్నది ఒక్క కారు. ఆ కాగితం రాకపోతే బోర్డు దించుకోవడమే. అందుకని ఖాకీ కనబడితే చాలు, అమ్మాయికి నవ్వు వచ్చేస్తుంది. నా కూతురికి ఆ నవ్వు ఎవరు నేర్పారో తెలియదు.

మంగళవారం

రహస్యం తెలిసింది.

ఈ రోజు అతను మమ్మల్ని ఆపినప్పుడు, నేను అతని వైపు కాక వెనక్కి చూశాను. మా కారు ఆగగానే వెనుక ఉన్న బళ్లన్నీ ఆగాయి. మలుపు ఇరుకు, కారు నడిమధ్యన ఆగితే పక్కకు తప్పుకునే చోటు లేదు. అప్పుడు గోడ చాటు నుంచి ఇద్దరు కానిస్టేబుళ్లు బయటికి వచ్చి, తలకు హెల్మెట్టు లేని మోటారు సైకిళ్లవాళ్లను తాపీగా ఏరుకున్నారు. చెరువుకు వల వేసినట్టు. ఆ వలకు కట్టిన సీసపు గుండు మా కారు.

అంటే మమ్మల్ని ఆపడానికి కారణం మేము కాము. మా వెనుక ఉన్నవాళ్లు. ఇంతకన్న నీచమైన తర్కం నేను వినలేదు. రెండో బెంచీ వాడు అల్లరి చేశాడని మొదటి బెంచీ వాడి చెవి మెలిపెట్టడం.

ఇంటికి వచ్చాక అమ్మాయికి చెప్పాను. ఆశ్చర్యపోతుందనుకున్నాను. కూర్చుని సాక్సు విప్పుకుంటూ, తనకు మొదటి నుంచీ తెలుసునన్నది. వాళ్ల పని వాళ్లు చేసుకుంటున్నారని, దానికి బదులు గోదాముల వెనుక ఖాళీ రోడ్డు మీదికి పొద్దున్న లారీలు రాకుండా చూస్తున్నారని, రివర్సు నేర్పడానికి తనకు అంతకన్న మంచి చోటు లేదని చెప్పింది. పైగా రోజూ ఆపితే నేర్చుకునేవాళ్లకు పోలీసు భయం పోతుందట.

“వదిలెయ్యండి నాన్నా,” అన్నది. తరువాత, బూట్లు గూట్లో పెడుతూ మళ్లీ అన్నది. “దయచేసి ఈ ఒక్కటీ వదిలెయ్యండి.”

ఒకే మాట రెండుసార్లు చెప్పడం పునరుక్తి దోషం. పిరికితనం తల్లి వైపు నుంచి వచ్చింది.

బుధవారం

ఇన్‌స్పెక్టరు గారికి ఫిర్యాదు వ్రాశాను. నాలుగు పుటలు. ఒక్క కొట్టివేత లేదు.

మా ఆవిడ భుజం మీదుగా తొంగిచూసి, “దీంతో పాటు ఒక నిఘంటువు కూడా పంపండి, పాపం చదువుకుంటారు,” అన్నది.

శుక్రవారం

పదవీ విరమణ తరువాత, నా మాట వినే అర్హత గలవారు అరుదైపోయారు. వీధిలో వాళ్లు నన్ను చూడగానే ఏదో పని గుర్తుకు వచ్చినట్టు లోపలికి వెళతారు. ఈ కారు దొరకడం నా అదృష్టం కాదు, నేర్చుకునేవాళ్ల అదృష్టం. క్లచ్, గేరు అనే చేతిపని అమ్మాయి నేర్పుతుంది. ఆ పని వెనుక ఉన్న శాస్త్రం నేను చెబుతాను. కదులుతున్న కారులో నుంచి విద్యార్థి లేచిపోలేడు. బోధనకు ఇంతకన్న అనువైన గది నేను ఎక్కడా చూడలేదు.

ఈ ఉదయం వాహనాన్ని ఆపడానికీ, సోదా చేయడానికీ ఉన్న భేదం వివరించాను. ఆపడానికి చాలిన కారణం సోదాకు చాలదు. దీపం వెలగలేదని ఆపినవాడు బండిలోని పెట్టె తెరవమనకూడదు. తెరవమనాలంటే పెట్టెలో ఏదో ఉన్నదని నమ్మడానికి వేరే ఆధారం కావాలి. పళ్ల డాక్టరు శ్రద్ధగా విన్నాడు. ఎంత శ్రద్ధగా అంటే, ఎర్ర దీపం దాటబోయాడు. అమ్మాయి బ్రేకు తొక్కింది.

“మాస్టారూ, మీరు వెనకాల చెబుతుంటే నా కాళ్లు కూడా మీ మాటే వింటున్నాయండి,” అన్నాడు అతను.

విద్యార్థి అంటే అలా ఉండాలి.

వెనుక సీటు మీద ఈ మధ్య ప్లాస్టిక్ శంకువులు పేర్చి ఉంటున్నాయి, రివర్సుకు గురుతుగా పెట్టేవి. నిన్నా ఉన్నాయి, ఈ రోజూ ఉన్నాయి. అవి డిక్కీలో పట్టవని అమ్మాయి అన్నది. నేను పట్టించాను.

సోమవారం

ఆపలేదు.

అల్పవిరామం గొడుగు కింద నిలబడి, మా కారు వస్తుంటే ఎదుటి గోడ మీది ప్రకటనలు చదువుకున్నాడు. అక్షరం విలువ ఇప్పటికి తెలిసింది అతనికి.

ఒక్క అపశ్రుతి. అలవాటు ప్రకారం పళ్ల డాక్టరు ఆ మలుపులో తనంతట తానే కారు ఆపేసి, లైసెన్సు తీసి కిటికీలో నుంచి బయటికి చాపాడు. వెనుక లారీవాడు హారను కొట్టి, మా వంశం గురించి ఏదో ప్రస్తావించాడు. గోదాముల రోడ్డు మీదికి వెళితే అక్కడ నిండా లారీలు. అమ్మాయి కారు వెనక్కి తిప్పించింది. రివర్సు పాఠం రేపటికి వాయిదా వేసింది.

బుధవారం

ఇన్‌స్పెక్టరు పిలిపించింది. స్త్రీ. నా ఫిర్యాదును పూర్తిగా చదివిన మొదటి మనిషి ఆమేనని మాటల వల్ల తెలిసింది. లేచి నిలబడి కుర్చీ చూపించింది. ఆ భవనంలో మర్యాద తెలిసినది ఆమె ఒక్కతే. తక్కిన వాళ్లు ‘కూచోండి’ అనడానికి కూడా గడ్డం ఆడిస్తారు.

నేను వ్రాసినది అక్షరాలా నిజమని ఒప్పుకున్నది. కారణం లేకుండా ఎవరినీ ఆపకూడదు. ఒకరిని పట్టుకోవడానికి మరొకరిని అడ్డు పెట్టకూడదు. హెడ్డుకు సంజాయిషీ నోటీసు ఇచ్చిందట. ఇక మీదట ఆ మలుపులో ఏ బండిని ఆపినా, కారణాన్ని అక్కడికక్కడే పుస్తకంలో వ్రాయాలని ఆజ్ఞ వేసిందట. నేను తల ఊపాను. మెచ్చుకోలు అధికంగా చూపడం నా పద్ధతి కాదు.

తరువాత, ఈ సంఘటనలకు నేను స్వయంగా సాక్షినా అని అడిగింది.

“సందేహమా. ప్రతిరోజూ ఆ కారులోనే ఉన్నాను. వెనుక సీటులో,” అన్నాను.

ఆమె కలం ఒక్క క్షణం ఆగింది. ప్రతిరోజూనా అని మళ్లీ అడిగింది. ప్రతిరోజూ అని నొక్కి చెప్పాను. సాక్ష్యంలో సందిగ్ధత ఉండకూడదు. ఆమె వ్రాసింది, నేను సంతకం చేశాను. గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. ఎందుకో కొంచెం జాలిగా చూసింది. పని ఒత్తిడి కావచ్చు.

శుక్రవారం

ఆపాడు.

శుక్రవారం, మధ్యాహ్నం

ఉదయం వ్రాయబుద్ధి కాలేదు.

అల్పవిరామం ఈసారి చొక్కా గుండీలన్నీ పెట్టుకుని వచ్చాడు. చేతిలో కొత్త పుస్తకం. నేను అద్దం దించక ముందే సెల్యూట్ చేశాడు. “ఈ రోజు కారణం ఉందండి మాస్టారూ,” అన్నాడు. చెప్పమన్నాను. అతను అమ్మాయి వైపు చూశాడు. ఆమె స్టీరింగు వైపు చూస్తున్నది. పళ్ల డాక్టరు ఎవరి వైపు చూడాలో తెలియక స్పీడు ముల్లును చూశాడు. అది సున్నా మీద ఉంది.

“శిక్షణ బండిలో నేర్పేవాళ్లు, నేర్చుకునేవాళ్లు తప్ప ఇంకెవరూ ఎక్కకూడదండి. పర్మిట్టు షరతు. మీరు ఈ రెండిట్లో ఎవరూ కారండి.”

నేర్పేవాణ్ణేనని చెప్పాను. నేర్పేవాళ్లకు లైసెన్సు ఉండాలి, చూపించండని అడిగాడు.

నాకు డ్రైవింగు రాదు. ఎన్నడూ రావలసిన అవసరం కలగలేదు. శాస్త్రం తెలిసినవాడికి చేతిపని రానక్కర లేదు. సంగీతం తెలిసినవాడు తబలా మోయనక్కర లేదు. ఈ మాట అతనికి చెప్పాను. అతను దాన్ని కూడా వ్రాసుకున్నాడు. తబలాకు లేని వత్తు పెట్టాడు. పర్మిట్టు కాగితం తీసుకున్నాడు. సోమవారం స్టేషనుకు రమ్మన్నాడు, అంతవరకు కారు బయటికి తీయకూడదన్నాడు.

అమ్మాయి కారు నెత్తి మీది పసుపు బోర్డు తీసి ఒళ్లో పెట్టుకుని, తానే నడిపి ఇంటికి తెచ్చింది. దారిలో పళ్ల డాక్టరు తన పరీక్ష వచ్చే వారమేనన్న సంగతి ఎవరికీ వినబడనంత నెమ్మదిగా అన్నాడు.

శనివారం

అల్పవిరామం ఈ షరతు సంగతి అమ్మాయికి మొదటి రోజే చెప్పాడట. నన్ను వెనుక సీటులో చూసిన మొదటి రోజే. అమ్మాయి అతన్ని బతిమాలుకున్నదట. మా నాన్న ఇంట్లో ఖాళీగా కూర్చోలేరు, ఎవరితోనూ పొసగదు, ఈ గంట సేపు ఆయనకు ఒక తరగతి ఉన్నట్టు ఉంటుంది, చూసీచూడనట్టు పోనివ్వండి అని. అతను సరే అన్నాడట. అన్నమాట నిలబెట్టుకున్నాడట.

ఇదంతా ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి, గొంతు పెంచకుండా చెప్పింది. పెంచి ఉంటే జవాబు చెప్పేవాణ్ణి.

చూసీచూడనట్టు. చట్టం కన్ను గీటడం. ఇటువంటి దేశవాళీ దాక్షిణ్యాల వల్లనే ఏ నియమమూ నిలబడదు. ఒక నిద్రమొహం కానిస్టేబుల్ నా మీద జాలి పడ్డాడట. నేను వేసిన ప్రతి ప్రశ్ననూ, చదివిన ప్రతి సెక్షనునూ, అతను ఆ జాలితోనే విన్నాడన్నమాట. ‘ఊరికేనండి’ అన్నది కూడా.

అమ్మాయి బోర్డును కుర్చీ మీద పెట్టింది. రాత్రి భోజనానికి ఆ కుర్చీని ఎవరూ కదపలేదు.

ఆదివారం

మా ఆవిడ: “మీకు కారు నడపడం రాదని వీధి వీధంతటికీ తెలుసు. తెలియనిది మీకొక్కరికే.”

సోమవారం

ముగ్గురమూ స్టేషనుకు వెళ్లాము. పళ్ల డాక్టరు తన రోగులను వదిలి ఎందుకు వచ్చాడో తెలియదు. పిలవలేదు.

ఇన్‌స్పెక్టరు నివేదిక వ్రాసి రవాణా కార్యాలయానికి పంపాలి. దాని మీదనే పర్మిట్టు కొత్తగా ఇవ్వడమో, రద్దు చేయడమో ఉంటుంది. నివేదికలో ఒక్క గడి ఖాళీగా ఉంది. మూడో మనిషి ఆ కారులో ఎందుకు ఉన్నాడు? ఆమె పరిస్థితిని నిదానంగా విడమరిచి చెప్పింది. లైసెన్సు లేనివాడు పాఠం చెబుతుంటే స్కూలు వాళ్లు చెప్పనిచ్చారంటే, పర్మిట్టు పోతుంది. ఆమె చేయగలిగినది ఏమీ లేదు. నేర్చుకోవడానికి వచ్చినవాణ్ణి పేరు చేర్చుకోకుండా ఎక్కించుకున్నారంటే, అది చిన్న తప్పు. హెచ్చరికతో పోతుంది, పేరు చేర్చుకుంటే సరి.

తరువాత కలం పట్టుకుని నా వైపు తిరిగింది.

“మాస్టారూ, మీరు ఆ కారులో దేనికి ఎక్కేవారు?”

అల్పవిరామం తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. సంజాయిషీ నోటీసు అందుకున్నవాడు. నా ఓటమి చూసి ఆనందిస్తాడని అతని మొహం వెతికాను. అతను కిటికీ చువ్వలు చూస్తున్నాడు. ఆ మొహంలో ఏ కాలంలోనూ ఏ అర్థమూ ఉండదు. అది నా దురదృష్టం.

అమ్మాయి నన్ను బతిమాలలేదు. నా వైపు చూడను కూడా లేదు. అదే మూర్ఖురాలు చేసిన పని. కనీసం ఒక్కమాట అడిగి ఉంటే, అడిగినందుకు కోప్పడి, ఆ కోపంలో ఏదో ఒకటి అనేసేవాణ్ణి. అది ఒళ్లో చేతులు పెట్టుకుని, గోళ్లలోని గ్రీజు మరకలు చూసుకుంటూ కూర్చున్నది. ఈ కారు కొన్న రోజు నుంచి ఆ మరకలు పోలేదు. నేను చూస్తూనే ఉన్నాను, పోవడానికి ఏదైనా రాయమని చెబుతూనే ఉన్నాను.

నేను జీవితంలో నేర్పడానికి తప్ప మరి దేనికీ ఏ గదిలోనూ కాలు పెట్టలేదు.

“నేర్చుకోవడానికి,” అన్నాను.

ఇన్‌స్పెక్టరు వినబడనట్టు మళ్లీ చెప్పమనలేదు. అందుకు ఆమెకు నా గౌరవం. వ్రాసుకున్నది. పళ్ల డాక్టరు దగ్గాడు. బయట వరండాలో అమ్మాయి నా చెయ్యి పట్టుకుని మెట్లు దించింది. నాకు మెట్లు దిగడం వచ్చు. వద్దని అనలేదు.

గురువారం

అబద్ధం ఆడి దాన్ని అబద్ధంగానే ఉంచడం నా వంశంలో లేదు. కనుక లెర్నింగ్ లైసెన్సు పరీక్ష వ్రాశాను. అన్ని జవాబులూ సరైనవి. రెండు ప్రశ్నలలో కర్త ఎవరో తెలియదు. అక్కడి అధికారికి చెప్పాను. నాకు పూర్తి మార్కులు వచ్చాయి కనుక ఇంటికి వెళ్లవచ్చునన్నాడు.

మంగళవారం

పర్మిట్టు వచ్చింది. అమ్మాయి దాన్ని అద్దం లోపల అంటించింది, వంకరగా. పళ్ల డాక్టరు పోయిన వారం పరీక్షలో తప్పాడు. రివర్సులో.

బుధవారం

ముందు సీటులో నుంచి చూస్తే రోడ్డు వేరుగా ఉంటుంది. అది ఎదురు వస్తుంది. వెనుక సీటులో ఉన్నంత కాలం ఆ సంగతి ఎవరూ నాకు చెప్పలేదు.

మూడు పెడళ్లకు రెండు కాళ్లు పెట్టినవాడికి లెక్కలు ఎవరు చెప్పారో. అమ్మాయి చాలా తక్కువ మాటలు మాట్లాడుతుంది. ‘వదలండి’ అంటుంది. ‘ఇంకా’ అంటుంది. ‘ఇంకా నాన్నా’ అంటుంది. ఇదీ ఒక బోధనా పద్ధతేనట. వెనుక సీటులో పళ్ల డాక్టరు, తన వంతు కోసం ఎదురుచూస్తూ. అద్దంలో చూడండని రెండుసార్లు సలహా ఇచ్చాడు. భయపడకండని కూడా అన్నాడు. వృత్తి అలవాటు.

మలుపు వచ్చింది. అల్పవిరామం చెయ్యి ఎత్తాడు. కారు ఆగింది. నేనే ఆపానని నా అభిప్రాయం. అమ్మాయి కాలు ఎక్కడున్నదో నేను విచారించలేదు. ఈసారి మమ్మల్ని రోడ్డు అంచున ఆపించాడు కనుక వెనుక మోటారు సైకిళ్లు మా పక్కనుంచి దర్జాగా వెళ్లిపోయాయి. గోడ చాటున ఎవరూ లేరు.

అతను కిటికీ దగ్గరికి వచ్చి సెల్యూట్ చేసి, పుస్తకం తెరిచాడు. కలం మూత తీసి, చాలా సేపు తటపటాయించాడు.

“కారణం రాయాలండి. మేడమ్ రోజూ చూస్తున్నారు. మీరు ఎడమకు తిరుగుతూ కుడి దీపం వేశారు. దాన్ని తప్పుల్లేకుండా ఎలా రాయాలండి మాస్టారూ?”

చూశాను. నిజంగానే కుడి దీపం కొట్టుకుంటున్నది.

నేను చెప్పాను, అతను వ్రాశాడు. చోదకుడు ఎడమ వైపు తిరుగుతూ కుడి వైపు సూచికను వెలిగించినందున వాహనాన్ని నిలిపివేయడమైనది. ‘నిలిపివేయడం’ దగ్గర చెయ్యి ఆగితే, ఒక్కొక్క అక్షరమే చెప్పాను. పూర్తయ్యాక అతను పెదవులు కదుపుతూ ఒకసారి చదువుకుని, కింద సంతకం పెట్టమన్నాడు.

పెట్టాను. తరువాత కుడి దీపం ఆర్పి, ఎడమది వేశాను.

“క్లచ్,” అన్నది అమ్మాయి.